నేను కీచురాయి అన్న పిట్ట

ముప్ఫై ఏళ్ళకు పైగా పిట్టల్ని లెక్కపెట్టి జీతం తీసుకున్నాను. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని మా మామగారు చివరిదాకా నమ్మలేదు. "మా అల్లుడు వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేస్తున్నాడు" అని మాత్రం చెప్పేవారు. ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే కాఫీ తెప్పించేవారు.

ఉద్యోగం మాత్రం నిజమే. పత్తి, మిరప చేలల్లో పురుగుల్ని తినే పిట్టలు ఏవేవి ఉన్నాయి, మందు కొట్టిన చేలో ఎన్ని, కొట్టని చేలో ఎన్ని అని చూడటం మా విభాగం పని. సత్తెనపల్లి వైపు ఒక చేను, ప్రత్తిపాడు వైపు ఒకటి, దర్శి వైపు ఒకటి. పదిహేను రోజులకోసారి పొద్దు పొడిచే వేళకు గట్టు మీద ఉండాలి. గంటసేపు నిదానంగా నడవాలి. కనిపించినవీ వినిపించినవీ ఫారంలో రాయాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. వాళ్ళకు పాములూ, వానలూ, జీపు బురదలో దిగబడ్డ కథలూ చెప్పి పంపించేవాణ్ణి. ఈ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు.

చిన్న పిట్టల పనిలో కంటికన్నా చెవి ముఖ్యం. పాలపిట్టను ఎవరైనా గుర్తుపడతారు. చిక్కంతా మట్టి రంగు పిట్టలతోనే. పిచ్చిక కన్నా చిన్నవి, ఒళ్ళంతా ఒకటే గోధుమ రంగు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా అంటే రెక్క మీద ఒక చారో, కంటి పైన ఒక గీతో. గడ్డిలోంచి బయటికి రావు. వచ్చినా రెప్ప వేసేంతలో మళ్ళీ దూరిపోతాయి. వాటిని పట్టిచ్చేది గొంతే.

నాకు ఆ చెవి ఉండేది. శిక్షణకు వచ్చిన వాళ్ళ ముందు గట్టు మీద కళ్ళు మూసుకుని నిలబడి, ఒక్కో కూతకూ ఒక్కో పేరు చెబుతుంటే వాళ్ళు చప్పట్లు కొట్టేవారు. కేంద్రంలో నన్ను అందరూ 'చెవుల మాస్టారు' అనేవారు. నా ఎదుట కూడా అనేవారు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

యాభై అయిదు దాటాక ఆ చెవి పోవడం మొదలైంది. అంతా ఒక్కసారి పోలేదు. మనుషుల మాటలు బాగానే వినిపించేవి. కాకి, గువ్వ, పికిలిపిట్ట అన్నీ మామూలుగానే వినిపించేవి. సన్నని మోతలు మాత్రం ఒక్కొక్కటే జారిపోయాయి. మొదట కనిపెట్టింది మా జీపు డ్రైవరు.

"ఏంది సార్, ఆ బ్రేకు అట్టా కీచుమంటంటే మీకు చిరాగ్గా లేదా? నాకైతే పళ్ళు పులుస్తన్నయ్యి" అన్నాడు ఒకరోజు.

నాకు ఏ కీచూ వినిపించలేదు. "అలవాటైపోయిందిలేవయ్యా" అన్నాను.

అది నా మొదటి అబద్ధం. చిన్నది. ఇలాంటివి చిన్నవిగానే మొదలవుతాయి.

పైరు మీద ఎగురుతూ 'జిట్ జిట్' మనే బొటనవేలంత పిట్ట ఒకటుంది. ఆ రెండు మూడేళ్ళలో నా ఫారాల్లో దాని లెక్క తగ్గుతూ వచ్చి దాదాపు సున్నా అయింది. వార్షిక సమావేశంలో ఎందుకు తగ్గిందని అడిగారు. లేచి నిలబడి, పురుగుమందులు విపరీతంగా కొట్టడం వల్లేనని పావుగంట మాట్లాడాను. అందరూ తలలూపారు. ఆ మాట మా నివేదికలో అచ్చయింది కూడా. ఆ పిట్ట ఎక్కడికీ పోలేదు. నా చెవి పోయింది. అప్పటికి ఆ సంగతి నాకు తెలియదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ తెలుసు. తెలుసు కాబట్టే సమావేశానికి ముందు రోజు అంత కష్టపడి కారణాలు వెతికాను.

ఆ తర్వాతి ఏడాదే ఒక అమ్మాయి మా దగ్గర చేరింది.

ఫీల్డ్ అసిస్టెంటు, కాంట్రాక్టు ఉద్యోగం. ముప్ఫై దాటని మనిషి, మూడేళ్ళ పాప తల్లి. బీఎస్సీ చదివింది. ప్రత్తిపాడు దగ్గర పల్లెలో మిరప వేసే ఇల్లు. మొదటి రోజు జీపులో, పిట్టల గురించి ఏమైనా తెలుసా అని అడిగాను.

"పుస్తకంలో పేర్లు తెలవ్వు సార్. చిన్నప్పుడు మా జొన్న చేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలేదాన్ని. ఏం వచ్చిందో చూడకుండానే తెలిసేది. తెలవకపోతే మా నాన్న వడిసెల నా మీదికే తిప్పేవాడు" అని నవ్వింది.

మూడు నెలల్లో పేర్లు నేర్చుకుంది. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి, పాపను నిద్రపుచ్చాక చదివేదట. సత్తెనపల్లి వైపు చేలో ఒకరోజు నేను ఫారం నింపుతుంటే పక్కన నిలబడి చూసింది.

"సార్, ఆ జిట్ జిట్ మనేది రాయలేదే? నాలుగున్నయ్యి కదా."

"ఒకే పిట్ట అటూ ఇటూ తిరుగుతుందమ్మా. రెండుసార్లు లెక్కపెట్టకూడదు."

"అట్టయినా ఒకటన్నా రాయాలి కదా సార్?"

ఒకటి రాశాను. తన ఫారంలో ఆమె నాలుగూ రాసింది. ఆనాటి నుంచి నా లెక్కలూ ఆమె లెక్కలూ తేడా రావడం మొదలైంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఉత్సాహం కొద్దీ ఎక్కువ రాస్తారని మా సైంటిస్టు గారితో అన్నాను. ఆయన మా విభాగానికి అధిపతి. పురుగుల మనిషి, పిట్టల సంగతి నాకే వదిలేసేవారు. "మీరు దిద్దుకోండి మాస్టారూ" అన్నారు. దిద్దాను. ఆమె రాసిన అంకెల్ని ఎర్ర ఇంకుతో కొట్టి నావి రాశాను. ఆమె చూసింది.

ఇక అసలు సంగతి.

అది మార్చి మొదటి వారం. దర్శి వైపు మా చేను పక్కనే వాగు పొంగు వచ్చి ఆగే పల్లం ఉంది. సాగుకు పనికిరాదని వదిలేశారు. నడుం ఎత్తు గడ్డి, మధ్యలో తుంగ. ఒక పక్క పత్తి కట్టె పీకేసిన చేను, ఇంకో పక్క ఆఖరి కోతలో ఉన్న మిరప. ఆ పూట నాకు వేరే పని ఉండి ఆమె ఒక్కతే వెళ్ళింది. మర్నాడు ఫారం నా బల్ల మీద పెట్టింది. చివరి వరసలో పేరు రాయవలసిన చోట 'తెలియదు' అని రాసి ఉంది. వెనక పేజీలో ఇలా రాసింది:

"గడ్డి అడుగున ఎలుకలాగా పాకింది. వీపు మీద నల్ల చారలు, పొట్ట మాసిన రంగు. ఎగరమంటే ఎగరలేదు, నడిచిపోయింది. తర్వాత గడ్డి పోచ సగం దాకా ఎక్కి కూసింది. కీచురాయి లాంటి మోత. ఆపకుండా రెండు నిమిషాలు. తల తిప్పినప్పుడల్లా మోత పెరిగి తగ్గుతోంది. పిట్టే. నోరు తెరవడం చూశాను."

చదవగానే నాకు తెలిసిపోయింది. చలికాలానికి ఉత్తరాది దేశాల నుంచి వచ్చి, మన గడ్డిలో దొంగలా బతికి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోయే గ్రాస్‌హాపర్ వార్బ్లర్. తెలుగులో దానికి పేరే లేదు. పేరు పెట్టేంతగా ఎవరికీ కనపడదు. ఇక్కడున్నన్నాళ్ళూ పాడటం అరుదు, వెళ్ళబోయే ముందు ఎప్పుడైనా గొంతు సవరించుకుంటుంది. అంత సర్వీసులో నాకది ఒక్కసారీ దొరకలేదు. ఆ పేరు పెదవి దాకా వచ్చింది. కానీ అప్పటికే ఆమె ఫోను తీసి రికార్డింగు పెట్టింది.

"వినండి సార్. దూరం నుంచి పట్టా, సన్నగా ఉంటది."

ఫోను చెవికి ఆనించుకున్నాను. గాలి వినిపించింది. దూరంగా ట్రాక్టరు. ఇంకేమీ లేదు.

"ఇదిగో, ఇప్పుడు మొదలైంది సార్" అంది. కళ్ళు మెరుస్తున్నాయి.

గాలి. ట్రాక్టరు.

"ఇందులో ఏముందమ్మా, గాలి తప్ప?" అన్నాను. ఆమె మొహం చూశాను. ఫోను మళ్ళీ తన చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ నా వైపు చూసింది. నా వైపు చూడటం మానలేదు. అది నాకు కోపం తెప్పించింది. ఫారం తీసుకుని, 'తెలియదు' కొట్టేసి, పక్కన మామూలు గడ్డి పిట్ట పేరు ఒకటి రాశాను.

"అది కాదు సార్. దాని కూత నాకు తెలుసు."

"ఎన్నేళ్ళయింది నువ్వొచ్చి?"

"ఏడాది."

"నేనొచ్చి?"

ఆమె ఊరుకోలేదు. ఆ రికార్డింగు నా వాట్సాప్‌కు పంపింది, తీసుకెళ్ళి సైంటిస్టు గారికీ వినిపించింది. మధ్యాహ్నం ఆయన నన్ను పిలిచారు.

"ఏదో కీచుమంటోంది మాస్టారూ. పిట్టో పురుగో నాకెట్లా తెలుస్తుంది? ఆ అమ్మాయి మాత్రం గట్టిగా చెబుతోంది. ఒకసారి మీరే వెళ్ళి వినండి. మీరు విన్నదే ఖాయం."

అంటే ఆయనకూ వినిపించిందన్న మాట. ఆ గదిలో నిలబడ్డ నాకు అప్పుడే తేలిపోయింది. ఆ ఫోనులో మోత ఉంది. అందరికీ వినిపిస్తోంది, నాకు తప్ప. "సార్, నాకు చెవులు సరిగా లేవు, ఇంకెవరినైనా పంపండి" అనడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. ఆయన మంచివారు, ఏమీ అనేవారు కాదు. నన్ను ఆఫీసు పనిలో కూర్చోబెట్టి ఊరుకునేవారు. నాకింకా రెండేళ్ళ సర్వీసుంది. జీతం ఎటూ పోదు. పోయేదల్లా ఆ పేరు ఒక్కటే. చెవుల మాస్టారు.

"రేపే వెళ్తాం సార్" అన్నాను.

మర్నాడు తెల్లారేసరికి దర్శి చేలో ఉన్నాం. నేను, ఆమె, డ్రైవరు. చేను కౌలుకు చేసే రైతు కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి, భుజాన తువ్వాలు, చేతిలో వేపపుల్ల. ఇంత పొద్దున్నే జీపు ఎందుకొచ్చిందో చూద్దామని వచ్చాడు. దూరంగా కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు డ్రైవరు తుమ్ముతున్నాడు.

"తుమ్మబాక అన్నా, కాసేపు" అంది ఆమె.

అతను తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నిలబడ్డాం. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. నేను బైనాక్యులర్స్ పట్టుకుని పల్లం వైపు చూస్తున్నాను. ఏమీ కదల్లేదు.

పావుగంట తర్వాత ఆమె చెయ్యెత్తింది. వేలితో తుంగ వైపు చూపించింది. నెమ్మదిగా, గాలికి చెప్పినట్టు, "అదిగో సార్" అంది.

నేను కళ్ళు మూసుకున్నాను. ఎన్నో వందల సార్లు అలా మూసుకున్నవాణ్ణే. ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నాను. నా గుండె చప్పుడు వినిపించింది. రైతు వేపపుల్ల నమలడం వినిపించింది. అంతే.

కళ్ళు తెరిచేసరికి ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు. రైతు వైపు తిరిగాను.

"ఏమయ్యా, నీకేమన్నా వినపడుతోందా?"

"ఎందుకు ఇనపడదండీ. కీచురాయి అరస్తంది కదా" అన్నాడు.

మునిగిపోయేవాడికి గట్టు దొరికినట్టయింది. తల పంకించాను. కాసేపు చెయ్యి అడ్డం పెట్టి వింటున్నట్టు నిలబడ్డాను.

"ఆఁ. వింటూనే ఉన్నాను. కీచురాయే" అన్నాను. "ఇదిగో, ఇప్పుడు కూడా."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు. మొండితనం అనుకున్నాను. నోరు తెరిచి ఏదో అనబోయి, రైతు వైపూ డ్రైవరు వైపూ చూసి, ఆగిపోయింది.

"సరే సార్" అంది.

తిరుగు ప్రయాణంలో అద్దంకి దాటాక టీ కోసం ఆగినప్పుడు ఆమె జీపు దిగలేదు. డ్రైవరు గ్లాసు నా చేతికిస్తూ, "ఆ పిల్ల ఊరికే చెప్పే రకం కాదు సార్" అన్నాడు. వినిపించనట్టే ఊరుకున్నాను. ఆ మాటలు మాత్రం బాగానే వినిపించాయి.

ఆఫీసుకు వెళ్ళి రెండు లైన్ల నోటు రాశాను. స్వయంగా వెళ్ళి విన్నాననీ, అది కీటకం చేసే శబ్దమనీ. అక్కడితో ఆగినా బాగుండేది. నెలాఖరుకు కాంట్రాక్టు ఉద్యోగుల కాగితాలు వచ్చాయి. మా విభాగంలో రెండు పోస్టుల్లో ఒకటి తీసేస్తున్నారు. ఎవరిని ఉంచాలో నా అభిప్రాయం అడిగారు. ఆమె పేరు ఎదుట, "కష్టపడే మనిషి. గుర్తింపులో తొందరపాటు ఉంది" అని రాశాను. మొదటి వాక్యం న్యాయం కోసం రాశాననుకున్నాను. రెండో వాక్యం ఎందుకు రాశానో నాకు బాగా తెలుసు. ఆమె పక్కన ఉన్నంతకాలం ప్రతి పదిహేను రోజులకోసారి నేను దొరికిపోతూనే ఉంటాను.

ఏప్రిల్లో ఆమె రాలేదు. మార్చి ఆఖరి రోజున నా బల్ల దగ్గరికి వచ్చి పుస్తకం తిరిగిచ్చింది. "వెళ్ళొస్తా సార్" అంది. "మంచిది తల్లీ, నీకు భవిష్యత్తుంది" అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే చెంపలు మండుతాయి.

మిగిలిన రెండేళ్ళూ చెవుల మాస్టారుగానే ఉన్నాను. పదవీ విరమణ సభలో శాలువా కప్పారు. ఒకరు నా చెవుల మీద పద్యం కూడా చదివారు. మైకు దగ్గరికి వెళ్ళి, నాకేమీ వినపడటం లేదు అని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. చెప్పి ఉంటే జోక్ అనుకుని నవ్వేవారు. అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను.

మరో రెండేళ్ళకు ఇంట్లో కుక్కరు విజిల్ దాకా వచ్చింది వ్యవహారం. మూడు విజిళ్ళకు స్టవ్ ఆపమని చెప్పి మా ఆవిడ పాల ప్యాకెట్టుకు వెళ్ళింది. వచ్చేసరికి పప్పు మాడి ఇల్లంతా పొగ. "రేపు గుంటూరులో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మీరు రాకపోతే ఈ వీధి మొత్తానికీ చెవిటాయన అని నేనే చెబుతా" అంది. వెళ్ళాం. హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినగానే బటన్ నొక్కమన్నారు. శబ్దం వచ్చినప్పుడల్లా నొక్కాననుకున్నాను. కాగితం మీద గీత చూస్తే, సన్నని మోతలుండే కుడి వైపుకు వచ్చేసరికి మెట్ల మీంచి పడ్డట్టు ఉంది. "ఇది చాలా ఏళ్ళ నుంచి ఉండాలండీ, మీకు తెలీలేదా?" అని అడిగింది పరీక్ష చేసిన అమ్మాయి. తెలీలేదన్నాను. అలవాటు.

చెవి మిషన్లు పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు సాయంత్రం, చాలాసేపు ఊరికే కూర్చుని విన్నాను. ఫ్యాను కీచు, గేటు కీచు. ఆ తర్వాత ఫోను తీశాను. నాకు ఎవరెవరో పంపే శుభోదయాల అడుగున, ఎక్కడో కింద, ఆమె పేరు. ఆఖరి మెసేజి ఆ రికార్డింగే. అంతకాలం దాన్ని ఎందుకు తుడిచేయలేదో తెలియదు. పెట్టాను.

గాలి. ట్రాక్టరు. ఆపైన, వాటి మీదుగా, సన్నని తీగను ఎవరో ఆపకుండా లాగుతున్నట్టు ఒక మోత. ఊపిరి తీసుకోవడమే లేదు. పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. పిట్ట తల తిప్పుతోంది. కీచురాయికి తల తిప్పితే మోత మారదు. ఆమె అది కూడా కాగితం మీద రాసే ఇచ్చింది నాకు.

"ఏంటండీ ఆ పురుగు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"పురుగు కాదు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఉత్తరం రాయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. పరిశోధన కేంద్రానికి. ఫలానా నెలలో దర్శి చేలో ఫలానా పిట్టను గుర్తించిన ఘనత ఆ ఫీల్డ్ అసిస్టెంటుదని, రికార్డు సరిదిద్దాలని, ఆమె మీద నేను రాసిన అభిప్రాయం చెల్లదని రాశాను. 'జిట్ జిట్' పిట్ట లెక్కలు కూడా నమ్మవద్దని రాశాను. పోస్టు చేసే ముందు ఆమెకు ఒకసారి చూపించాలనిపించింది. మర్యాద కోసం అనుకున్నాను. నిజానికి, "పర్లేదులెండి సార్" అనిపించుకోవాలని వెళ్ళాను.

ప్రత్తిపాడు దగ్గర ఒక మిరప నారు నర్సరీలో పనిచేస్తోందని డ్రైవరు చెప్పాడు. శ్రావణమాసం, నారు అమ్మే రోజులు. ఆకుపచ్చ వల పందిరి కింద ట్రేలు వరసలుగా పేర్చి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్ళు కొబ్బరి పొట్టు నింపి గింజలు వేస్తున్నారు. వాళ్ళ మీద మేస్త్రీ ఆమే. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. నా చెవుల వైపు చూసింది.

"బాగున్నారా సార్? నారు కోసం వచ్చారా?"

"నీకోసమే వచ్చానమ్మా. ఒక కాగితం చూడాలి."

నిలబడే చదివింది. తొందరపడకుండా, ఫారాలు చదివినట్టే, ఒక్కో లైనూ. నేను చెప్పవలసిందంతా మధ్యలో చెప్పేశాను. ఆ రోజు నాకేమీ వినిపించలేదని, అప్పటికే చాలాకాలంగా వినిపించడం లేదని.

"తెలుసు సార్" అంది, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"ఎప్పుడు తెలుసు?"

"ఆ రోజే. మీరు 'వింటూనే ఉన్నా, కీచురాయే' అన్నారు చూడండి. అప్పటికే అది ఆగిపోయి కాసేపయింది. ఏ మోతా లేదు. మీరేమో ఇదిగో ఇప్పుడు కూడా అంటన్నారు."

పందిరి కింద ఆడవాళ్ళు ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. అదంతా మిషన్లలోంచి చాలా గట్టిగా వినిపించింది.

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"రైతున్నాడు, డ్రైవరన్న ఉన్నాడు. వాళ్ళ ముందు మిమ్మల్ని పట్టుకుని మీకు చెవుడని ఎట్టా అంటాం సార్? ఆఫీసుకెళ్ళాక మీరే చెబుతారులే అనుకున్నా. నాతో కాకపోయినా ఆ పెద్ద సారుతో చెబుతారులే అనుకున్నా. రోజూ చూశా. నెలాఖరుకు నన్ను రావద్దని కాగితమొచ్చింది." ఆపైన మామూలుగా, ధర చెప్పినట్టుగా అంది: "ఇప్పుడైతే అక్కడే చెప్పేదాన్ని సార్. ఎవరున్నా సరే."

క్షమించమని అడగబోయాను. మాట పూర్తి కానివ్వలేదు. ఉత్తరంలో ఒక చోట వేలు పెట్టింది.

"ఇదొక్కటి సరిగ్గా లేదు."

చూశాను. 'నా వినికిడి లోపం వల్ల ఈ పొరపాటు జరిగింది' అన్న వాక్యం. ఉత్తరం మొత్తంలో నేను ఎక్కువసేపు ఆలోచించి రాసింది అదే.

"నిజమే కదమ్మా. వినపడలేదు కాబట్టే కదా."

"వినపడకపోవటం పొరపాటు కాదు సార్, అది వయసు. వినపడిందని రాశారు కదా. పొరపాటంటే తెలవక జరిగేది."

కోపంగా అనలేదు. ఫారంలో తప్పు పేరు పడితే ఎలా చెప్పేదో అలాగే చెప్పింది. జేబులోంచి పెన్ను తీశాను. నారు ట్రేలు పెట్టే బల్ల మీద కాగితం పరిచి, 'వల్ల ఈ పొరపాటు జరిగింది' కొట్టేశాను. ఆమె పక్కనే నిలబడింది. 'సంగతి బయటపడుతుందన్న భయంతో అబద్ధం చెప్పాను' అని పైన ఇరికించి రాశాను. కొట్టివేత పక్కన, ఆఫీసు పద్ధతి ప్రకారం, పొట్టి సంతకం పెట్టాను.

ఆమె వంగి ఆ వాక్యం చదివింది. "ఇప్పుడు సరిపోయింది సార్" అని కాగితం నా చేతికిచ్చింది. ఇంతలో ట్రాలీ వచ్చి పందిరి ముందు ఆగింది. నారు ఎక్కించాలని ఆడవాళ్ళను కేకేస్తూ అటు వెళ్ళిపోయింది. నేను వినాలనుకుని వచ్చిన మాట ఆమె అనలేదు. అనవలసిన పనీ లేదు.

ఇంటికి వచ్చాక, మంచి కాగితం తీసుకుని శుభ్రంగా తిరగరాద్దామని కూర్చున్నాను. తిరగరాస్తే ఏ మాట మళ్ళీ మెత్తబడుతుందో నాకు తెలుసు. అందుకని ఆ కొట్టివేతతోనే, కొబ్బరి పొట్టు మరకతోనే కవర్లో పెట్టి పంపించాను.